పిట్ట ముట్టిన మాట

మంగేష్ పోయిన ఆ జనవరిలో కామాటిపుర మొత్తం తల పైకెత్తుకుని తిరిగింది. ఆదివారం నాడు వాయుసేన వాళ్ళు మెరైన్ డ్రైవ్ దగ్గర సముద్రం మీద విమానాల విన్యాసాలు చూపిస్తారట. దానికి ముందు కొన్ని రోజులు సాధన. ఉన్నట్టుండి నెత్తిమీద గుడ్డ చింపినట్టు చప్పుడు. అది వినగానే మా ఎనిమిదో గల్లీలో సంచులు కుట్టేవాళ్ళు మిషన్లు ఆపేసి, చాయ్ తాగేవాళ్ళు గ్లాసులు చేత్తో పట్టుకునే టెర్రస్ మీదికి పరుగెత్తేవారు. వాళ్ళు ఎక్కేసరికి విమానాలు ఏ అరేబియాలోనో ఉండేవి. అయినా దిగేవారు కాదు. కనపడని విమానాల గురించి కళ్ళారా చూసినట్టు చెప్పుకోవడం వరస గదుల మా చాల్ వాళ్ళకు చేతనైనట్టు ఇంకెవరికీ చేతకాదు.

నేను గదిలోనే కూర్చునేదాన్ని. మొగుడు పోయిన మనిషి టెర్రస్ ఎక్కకూడదని ఎవరూ అనలేదు. నాకే లేవబుద్ధి కాలేదు. ఏడుపు కూడా రాలేదు. మత్తు సూది ఇచ్చాక పన్ను పీకితే లాగుతున్నట్టు తెలుస్తుంది గాని నొప్పి తెలియదు చూడండి, నా ఒళ్ళంతా అలా ఉండేది. వచ్చినవాళ్ళు నన్ను పట్టుకుని ఏడ్చి, నేను ఏడవకపోవడం చూసి, కళ్ళు తుడుచుకుని అత్త దగ్గరికి వెళ్ళేవారు. మా అత్త తారాబాయి ఎవరినీ నిరాశపరచలేదు.

మంగేష్ పరాంచీ కట్టే పని చేసేవాడు. పెద్ద పెద్ద భవనాలకు రంగులు వేయడానికి చుట్టూ వెదురుతో కట్టే మంచెల్ని ఇక్కడ అలా అంటారు. కిందటి చలికాలం వర్లిలో సముద్రం ఎదుట ఒక భవనం చివరి అంతస్తు మీద ఉండగా, ఇలాంటి విమానాలే సాధనకు వచ్చి అతని కాళ్ళ కిందుగా వెళ్ళాయట. ఆ సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"సపనా, దునియా మొత్తం ఇమానం కడుపు చూస్తది. నేను ఈపు చూసిన! నీళ్ళకు గింత ఎత్తుల పోతుంటే కింద నీళ్ళు తెల్లగ లేచినయ్. వాడు చెయ్యి బయట పెడితే తడుస్తది."

"నువ్వు తాడు కట్టుకున్నవా లేదా?"

"గప్పుడు తాడు యాదికుంటదా?" అని నవ్వాడు. మళ్ళీ వస్తే నన్ను తప్పకుండా తీసుకుపోతానన్నాడు.

మళ్ళీ అవి రాబోతున్నాయని తెలిసిన రోజుల్లోనే, ఒక పొద్దున చాయ్ తాగుతూ ఛాతీ పట్టుకుని గోడకు ఒరిగాడు. ఫోరస్ రోడ్డులో నేను ఆయాగా పని చేసే నర్సింగ్ హోమ్‌కే తీసుకుపోయాం. రోజూ నేను చాదరు మార్చే మంచం మీదే పడుకోబెట్టారు. ఆ రోజు కూడా చివరికి చాదరు నేనే మార్చాను. ఎవరో వద్దన్నారు గాని నా చేతులు వినలేదు.

ఒక సంగతి మాత్రం నాకూ అతనికీ తప్ప ఎవరికీ తెలియదు. నాసిక్‌లో నర్సింగ్ కోర్సులో నాకు సీటు వచ్చింది. ఎవరో మానేస్తే ఖాళీ అయిన సీటు, ఈ నెలాఖరుకే చేరాలి, అక్కడే హాస్టల్లో ఉండాలి. దరఖాస్తు పెట్టించిందీ, వెంటబడి చదివించిందీ మంగేషే. "జిందగీ అంత చాదర్లు మారుస్తనే ఉంటవా?" అనేవాడు. తల్లికి మాత్రం చెప్పలేదు. మంచి సమయం చూసి తనే చెప్తానన్నాడు. తల్లి ముందు అతనికి మంచి సమయం ఎప్పుడూ దొరికేది కాదు.

పదో రోజుకు ముందు సాయంత్రం వర్లి చాల్ నుంచి శంకర్రావు మామ వచ్చాడు. కాలం చేసిన మా మామగారికి పెదనాన్న కొడుకు. ఇక్కడి మా తెలుగువాళ్ళలో పుట్టినా చచ్చినా ముందు నిలబడి నడిపించేది ఆయనే. పిట్టకు ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చింది. చచ్చినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెడతాం. కాకి వచ్చి ముట్టుకుంటే ఆత్మ తృప్తి పడ్డట్టు. రాకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకొచ్చి ఇది చేస్తాం, అది చేస్తాం అని మాటిస్తారు. ఏ మాటకు పిట్ట దిగి ముడుతుందో ఆ మాట ఖాయం. దాన్ని తప్పినవాళ్ళను నేనింతవరకు చూడలేదు.

"ఎప్పటి లెక్కనే చౌపాటీ అవతల రాళ్ళ కాడ పెడ్దాం," అన్నాడు శంకర్రావు మామ.

మా మరిది అనికేత్ పిడికిట్లో ఫోన్ తిప్పుకుంటూ అన్నాడు. "పెద్దనాయినా, రేపు ఆడ ఇమానాల ప్రాక్టీస్ ఉంది. పొద్దున్నే. ఇంకోకాడ పెడితే?"

"ఇమానాలకు మన దినాలకు ఏం సంబంధంరా?"

"అట్ల గాదు, కాకులు..."

"గప్ బస్!" అని కసిరింది అత్త. "అన్న సచ్చి పది దినాలు గాలె, వీనికి ఇమానాలే యాదికొస్తున్నయ్."

అనికేత్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అతను విమానాల కోసం అన్నాడో, కాకుల కోసం అన్నాడో నాకు తెలుసు. చెప్పవచ్చు కూడా. కాని ఆ రోజుల్లో నోరు తెరవడమంటే నాకు బస్తా ఎత్తినంత పని.

మర్నాడు పొద్దున చౌపాటీ ఇసుక దాటి రాళ్ళ ఒడ్డుకు చేరాం. అత్త పొద్దున్నే లేచి మటన్ వండింది, గారెలు చేసింది. అనికేత్ గుండు చేయించుకుని, సముద్రంలో మునిగి, తడి పంచెతో వణుకుతూ ఆకు పరిచాడు. అన్నం ముద్దలు, మటన్, గారెలు, గ్లాసులో కాస్త మందు, పక్కన ఒక పాన్. అన్నీ పెట్టి వెనక్కి వచ్చి చేతులు జోడించి నిలబడ్డాం. పక్కగదిలో ఉండే రత్నాబాయి, ఇంకో పదిమంది చాల్ వాళ్ళు మా వెనక. ఒడ్డుకు లాగిన ఒక పాత పడవ అంచు మీద కాకులు వరసగా కూర్చుని ఉన్నాయి. చూపంతా ఆకు మీదే. ఇంకేం, వచ్చేస్తాయి అనుకున్నాం.

అప్పుడు వచ్చాయి విమానాలు. మొదట చప్పుడు లేదు. నారిమన్ పాయింట్ వైపు నుంచి నీళ్ళకు ఆనుకుని ఎర్రగా ఏవో చుక్కలు. చూస్తుండగానే పెద్దవైపోయి మా ఎదుటినుంచి దూసుకుపోయాయి. రెక్క పక్కన రెక్క, మధ్యలో చెయ్యి దూరేంత సందు కూడా లేదనిపించింది. కింద సముద్రం ముడతలు పడింది. ఆ తర్వాత చప్పుడు వచ్చి గుండెలమీద పడింది. జోడించిన చేతులు విప్పకుండానే అందరం తలలు తిప్పి చూశాం. శంకర్రావు మామ కూడా చూశాడు. అనికేత్ అయితే నోరు తెరిచాడు.

మళ్ళీ ఇటు తిరిగేసరికి పడవ అంచు మీద ఒక్క కాకి లేదు.

"రావట్లేదేంది?" అంది రత్నాబాయి దిగులుగా.

నిజంగా దిగులుగానే అంది. అక్కడ నాకూ అనికేత్‌కూ తప్ప ఎవరికీ విమానాలు గుర్తు లేవు. అవి ఒక సంగతి, మంగేష్ మనసులో మాట ఇంకో సంగతి. ఈ రెంటినీ కలిపి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, వస్తే తప్పుగా కూడా తోచేదేమో.

"అన్నా, అమ్మను నేను చూసుకుంట," అన్నాడు అనికేత్ పళ్ళు టకటకలాడుతుంటే. ఏదీ రాలేదు. "మంగేశా, నీ తమ్ముని లగ్గం మేం దగ్గరుండి చేస్తం," అన్నాడు శంకర్రావు మామ. విమానాలు ఇంకోసారి వచ్చాయి. ఈసారి రెండు, ఎదురెదురుగా, గుద్దుకుంటాయన్నంత దగ్గరగా వచ్చి పక్కకు ఒరిగి తప్పుకున్నాయి. ఎండ ఎక్కింది. మటన్ మీద ఈగలు చేరాయి.

"మరాఠోళ్ళయితే దర్భతోని కాకిని చేసి ముట్టిస్తరు," అన్నారెవరో వెనకనుంచి.

"మన కాడ అట్ల నడవదు," అన్నాడు శంకర్రావు మామ. నావైపు తిరిగాడు. "సపనా, నువ్వు చెప్పు బిడ్డా. వాని మనసు నీకే ఎరుక."

చప్పుడు ఆగి కాసేపైంది. ఎక్కడినుంచో ఒక కాకి వచ్చి రాతి మీద వాలింది. గెంతుతూ ఆకు దగ్గరికి వచ్చింది. ఇంకో గెంతు గెంతితే ముద్ద అందుతుంది. అందరూ ఊపిరి బిగబట్టారు. నేను ఉన్నమాటే చెప్పాను.

"ఆయినకు నన్ను నాసిక్‌ల నర్సు చదివియ్యాలని ఉండె. సీటు వచ్చింది. నేను పోత."

నా మాట ఇంకా నోట్లోనే ఉంది. మలబార్ హిల్ వెనకనుంచి ఒక్కటే విమానం తలకిందులుగా, నీళ్ళను గీరుకుంటూ వచ్చి మా ముందునుంచి పోయింది. కాకి ఎగిరిపోయింది.

వెనక జనం ఒక్కసారిగా 'అయ్యో' అన్నారు. నా మాటకు కాకి లేచిపోయింది. అందరూ చూశారు. అబద్ధమాడిన మనిషిని చూసినట్టు నన్నూ చూశారు. అత్త నావైపు చూడలేదు. తడబడుతూ ముందుకు వెళ్ళి, రాళ్ళమీద మోకాళ్ళు పెట్టి కూలబడింది.

"నాసికేందిరా కొడుకా! నీ పెండ్లాన్ని యాడికీ పోనియ్య! నా కడుపుల పెట్టుకుని చూసుకుంట, నా ఇంట్లనే ఉంటది! ఇంక తిను నాయినా!"

ఆ రోజుకు సాధన అయిపోయినట్టుంది. విమానాలు పొగ కూడా మిగల్చకుండా ఎటో వెళ్ళిపోయాయి. సముద్రం మీద చడీచప్పుడు లేదు. అత్త ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపు సన్నగిల్లే వేళకు రెండు కాకులు దిగి, గారె కోసం కొట్లాడుకున్నాయి.

శంకర్రావు మామ రెండు చేతులూ పైకెత్తి మొక్కాడు. "అయిపోయింది. మాట ముట్టింది."

నాకు కోపం రావాలి. రాలేదు. అనికేత్ నా పక్కకు వచ్చి, "వైనీ, ఆ ఇమానం..." అని గొణిగాడు. వదినను వాళ్ళు మరాఠీలో వైనీ అనే పిలుస్తారు. "వద్దు అనికేత్," అన్నాను. అతను తడి గుండు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

తర్వాత రోజుల్లో చాల్ అంతా ఆ ముచ్చటే. నీళ్ళ పంపు దగ్గర రత్నాబాయి చేతులు తిప్పుతూ చెప్పేది. "ఆ నాసిక్ మాట ఇనంగనే మంగేషే కాకిని కొట్టి ఎల్లగొట్టిండు. నేను నా కండ్లతోని చూసిన." అదే నోటితో, అదే ఊపులో విమానం తలకిందులుగా ఎలా పోయిందో కూడా చెప్పేది. బక్కెట్ నిండేదాకా ఈ రెండు కథలూ నడిచేవి. నేను నా బక్కెట్ పట్టుకుని నిలబడేదాన్ని.

నాసిక్ నుంచి ఫోన్ వచ్చింది. మంగళవారం సాయంత్రం లోపు చేరకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామంది అక్కడి మేడమ్. "హా," అన్నాను. వస్తానని కాదు, రానని కాదు. ఫోన్ పెట్టేసి చూస్తే అత్త గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. విన్నదో లేదో తెలియలేదు. చేతులు మాత్రం ఆగాయి. కాసేపటికి మళ్ళీ కదిలాయి.

అత్త మంచిదే. ఆ రోజుల్లో నా కంచంలో తన వాటా కూడా వేసేది. రోజూ నా తలకు నూనె రాసి, చిక్కు తీసి, జడ వేసేది. వేసేటప్పుడు ఒకసారి, "మంగేశ్ నాకు చెప్పకుండ ఏదీ చెయ్యకపోతుండె," అంది.  జడ మరీ గట్టిగా వేసింది. ఆ ఇంట్లో ఉండిపోవడం పెద్ద కష్టమేమీ కాదు. అదే నన్ను భయపెట్టాల్సిన సంగతి. అప్పటికి భయం కూడా వేయలేదు.

ఆదివారం మధ్యాహ్నం అత్త ఉన్నట్టుండి మంచి చీర కట్టుకుంది.

"లే. పోదాం."

"యాడికి?"

"ఇమానాలు చూడ. మంగేశ్ చూపిస్తనన్నడంట గదా. అనికేత్ చెప్పిండు."

"నెల గూడ గాలె అత్తా. చాల్లోళ్ళు ఏమంటరు?"

"అననియ్. వాళ్ళు గూడ ఆడనే ఉంటరు, ఎవరు జూస్తరు మనల్ని?"

నిజమే, చాల్ మొత్తం అక్కడే ఉంది. ఊరు మొత్తం అక్కడే ఉన్నట్టుంది. చౌపాటీ మొదట్లో ఇద్దరం గోడ వార ఒక చోటు సంపాదించుకుని నిలబడ్డాం. మా ముందు ఇసుకలో పావురాలు వందలకొద్దీ గింజలు ఏరుకుంటున్నాయి. గోడమీద కాకులు, నీళ్ళమీద తెల్లటి సముద్రపు పిట్టలు.

విమానాలు వచ్చాయి. బారులు తీరి, నీళ్ళమీద పరిచిన గాజు మీద జారినట్టు వచ్చి, ఒక్కసారిగా నిట్టనిలువునా లేచి, పైన పువ్వులా విచ్చుకున్నాయి. ఒకటి మాత్రం విడిపోయి, తిరగబడి, వీపు నీళ్ళవైపు పెట్టి ఒడ్డు పొడుగునా పోయింది. అందులో ఉన్నవాడికి నెత్తిమీద సముద్రం, కాళ్ళకింద ఆకాశం. చెయ్యి ఒక్క పిసరు వణికితే చాలు. జనం కేకలు పెట్టారు, ఈలలు వేశారు. మంగేష్ చెప్పినంత బాగానే ఉంది. నాకు మాత్రం, అతను అన్నట్టే, విమానాల కడుపులే కనిపించాయి. అది కూడా ఎవరో ఎవరికో చెబుతుంటే వింటున్నట్టు చూశాను.

అత్త వైపు తిరిగితే ఆమె పైకి చూడట్లేదు. ఇసుక వైపు చూస్తోంది. పావురాలు లేవు. గోడ ఖాళీ. నీళ్ళమీద ఒక్క తెల్ల పిట్ట లేదు. దూరంగా భవనాల మీద మాత్రం నల్లగా ఏవో తిరుగుతున్నాయి. విమానాలు దూరం పోయాక అవి మెల్లగా దిగివచ్చాయి. మళ్ళీ విమానాలు రాగానే మళ్ళీ లేచిపోయాయి. అత్త అలా చూస్తూనే ఉంది.

"ఒక్కటి గూడ నిలవలె," అంది చివరికి.

"నిలవవు అత్తా."

 ఆట అయ్యేదాకా ఉన్నాం. తిరిగి నడిచి వస్తుంటే దారి పొడుగునా జనం చేతులతో విమానాలు తిప్పుతూ పోతున్నారు. అత్త రెండుసార్లు ఆగింది, మోకాళ్ళ నొప్పి అంది. ఆ నొప్పి ఎప్పుడూ ఉన్నదే.

సోమవారం నేను లేచేసరికి పొయ్యి మీద మటన్ ఉడుకుతోంది. సంతాపపు ఇంట్లో సోమవారం మటనేమిటి అని అడగబోయాను. అత్త మొహం చూసి అడగలేదు. అనికేత్ పనికి పోయాక గిన్నెలో అన్నం కలిపి, మూతకు గుడ్డ కట్టి, "నడువు," అంది. బస్సెక్కాం. దిగి రాళ్ళ దగ్గరికి నడుస్తుంటే నాకు అర్థమై ఆగిపోయాను.

"అత్తా, దినాలు అయిపోయినయ్. మళ్ళ ఎవరన్న పెడ్తరా?"

"నాకేం ఎరుక. నా కొడుకుకు నేను బువ్వ పెడ్తున్న. దీనికి గూడ శంకర్రావు బావను అడగాల్నా?"

ఆకు పరిచి ముద్దలు పెట్టింది. ఆకాశంలో చిన్న మేఘం కూడా లేదు. పడవ అంచు మీద కాకులు.

"అను," అంది.

"ఏమనాలె?"

"ఆ దినం అన్నదే."

నోరు తెరిచాను.  అప్పుడు తేలిగ్గా వచ్చిన మాట, దేన్నీ లెక్కచేయని రోజున అన్న మాట, ఇప్పుడు రానంటోంది. పోవాలని ఉంది నాకు. ఎంతగా ఉందో ఆ క్షణంలో తెలిసి భయం వేసింది. అత్త నావైపు ఒకసారి చూసి, సముద్రం వైపు తిరిగి కొంగు నడుముకు దోపుకుంది.

"మంగేశా! నాకు చెప్పకుండ ఇద్దరు గలిసి దాచిండ్రు గదరా, దొంగల లెక్క! సరే. ఆ దినం నేను అన్న మాట వాపస్ తీసుకుంటున్న. నీ పెండ్లాన్ని..."

కాకి దిగింది. నేరుగా ఆకు మీదే వాలి, ముద్దలో ముక్కు పెట్టేసింది. అత్త ఇంకా నాసిక్ అననేలేదు. మా ఇద్దరి కళ్ళ ముందే జరిగింది. ఆమె ఒక్క క్షణం ఆగింది. కాకిని చూసింది. తర్వాత మిగిలిన మాటను కూడా గట్టిగా, ఆ ఒడ్డు మొత్తానికి వినపడేలా పూర్తి చేసింది.

"నాసిక్ పంపుత! నర్సు చదివిస్త!"

కాకి తల ఎత్తలేదు. ఇంకో నాలుగు వచ్చి దానితో కలిశాయి.

"ఇన్నడు," అంది అత్త.

"ఇన్నడు అత్తా," అన్నాను.

ఆమె రాతి మీద కూర్చుని మోకాళ్ళు పట్టుకుంది. కాకులు తినడం చూస్తూ అడిగింది. "నాసిక్ ఎంత దూరం?"

"పొద్దున రైలెక్కితే పగటి బువ్వ యాళ్ళకు చేరుతం."

"గంతేనా," అని కొంగు మొహం మీదికి లాక్కుంది. భుజాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. చాల్‌లో అందరి ముందూ ఏడ్చిన ఏడుపు కాదది. నేను పక్కన కూర్చున్నాను. అప్పుడు వచ్చింది నాకూ ఏడుపు, మంగేష్ కోసం. ఇద్దరం ఆకు ఖాళీ అయ్యేదాకా ఏడ్చాం.